హార్డ్ డిస్కులో గెట్టు జరిపిన శుక్రవారం

కరెంటు కోత వేళలు చూసుకుని మనుషులు పిండిగిర్నీకి బయల్దేరే కాలం అది. రెండు వేల ఎనిమిది ప్రాంతం. అప్పట్లో మా నారాయణఖేడ్‌లో కంప్యూటర్ తెలిసినవాడంటే దవాఖానలో కాంపౌండర్ కంటే ఒక మెట్టు ఎక్కువ, డాక్టర్ కంటే ఒక మెట్టు తక్కువ. ఆ నడిమి మెట్టు మీద నేనే నిలబడి ఉన్నానని నా గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్ళ వయసు, గోడకు వేలాడే డిగ్రీ, జేబులో ఎప్పుడూ, విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే లినక్స్ సీడీ ఒకటి. ఆ వయసులో మనిషికి తనకు తెలిసింది కొండంత కనిపిస్తుంది, పక్కవాడికి ఉన్నది ఇంకా పెద్దగా కనిపిస్తుంది. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నా తెలివి గురించి కాదు, నేను పట్టపగలు చేసిన ఒక దొంగతనం గురించి. దొంగిలించింది పది జీబీలు. (నవ్వకండి. ఇప్పుడు పెళ్ళికి వెళ్ళొచ్చిన ఫోనులోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అప్పుడు పది జీబీలంటే బోరు ఉన్న రెండెకరాలు.)

బస్టాండ్ రోడ్డులో సైకిల్ దుకాణం పక్కన మాకో మడిగె, అంటే ఒంటిగది దుకాణం, ఉండేది. మాకు అంటే నాకూ, మా పక్కింటి భాయ్‌కీ. చెరి సగం వేసుకుని ఒక్క కంప్యూటర్ కొన్నాం. దరఖాస్తులు టైపు చేయడం, పెళ్ళి కార్డులు దిద్దడం మా పని. తెలుగు కార్డులు నావి, ఉర్దూ కార్డులు భాయ్‌వి. మిషన్ ఒక్కటే కాబట్టి దాని హార్డ్ డిస్కును పాలు పంచుకున్నాం. మొత్తం ఎనభై జీబీలు. మొదటి ఇరవై విండోస్‌కు, అది ఉమ్మడి. నడుమ ముప్పై భాయ్ లినక్స్‌కు. చివరి ముప్పై నాకు. మిషన్ ఆన్ చేయగానే ఎవరింట్లోకి వెళ్తారు అని అడిగినట్టు తెర మీద జాబితా వచ్చేది. భాయ్ తన గీత మీద నొక్కితే అతని ఇల్లు, నేను నా గీత మీద నొక్కితే నా ఇల్లు. భాయ్‌ను లినక్స్‌లోకి దించింది కూడా నేనే. “ఇండ్ల వైరస్ రాదు భాయ్, ఉర్దూ కుడికెల్లి ఎడమకు సాఫ్‌గ నడుస్తది” అని చెప్పి నమ్మించాను. రెండూ నిజమే. వైరస్ రాదని చెప్పాను గానీ నేను రానని చెప్పలేదు.

భాయ్ తన ముప్పైలో మూడు జీబీలు కూడా వాడేవాడు కాదు. అందులో పెళ్ళి కార్డులు పోగా ఉన్న అసలు సరుకు ఒక్కటే. వాళ్ళ అబ్బా కవిత్వం. ఆయన రిటైరైన ఉర్దూ మీడియం పంతులు. ఊరంతా మాస్టర్ సాబ్ అంటుంది. చిన్నప్పుడు వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి నాకు లెక్కలు చెప్పింది ఆయనే. నలభై ఏళ్ళు ఒక నోటుపుస్తకంలో రాసుకున్న కవితలు ఒక వానాకాలం పైకప్పు కారి ముద్దయిపోయాయి. అప్పటి నుంచి రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మడిగెకు వచ్చి, స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంటూ చెప్పేవాడు, భాయ్ టైపు చేసేవాడు. ఒక్కో రోజు రెండు పాదాలు వచ్చేవి, ఒక్కో రోజు ఉత్త చాయ్ వచ్చేది. అలా ఎనిమిది నెలలు పట్టింది. వచ్చే సోమవారం పొద్దున బస్సుకు భాయ్ వాటిని సీడీలో వేసుకుని హైదరాబాద్‌లో అచ్చుకు ఇచ్చి రావాలి. నకలు అంటూ ఇంకెక్కడా లేదు.

ఇక నా ముప్పై సంగతి. అందులో మూడు రకాల లినక్స్‌లు ఉండేవి. ఒకటి పోస్టులో ఉచితంగా వచ్చింది, ఒకటి పత్రికతో వచ్చింది, ఒకటి ఎలా వచ్చిందో నాకే గుర్తు లేదు. మూడింటిలో ఏ ఒక్కటీ మా ప్రింటర్‌తో మాట్లాడేది కాదు. (ప్రింటు తీయాలంటే గుట్టుగా విండోస్‌లోకి వెళ్ళి తీసేవాణ్ణి.) అయినా గొప్ప తగ్గేది కాదు. ఒకసారి కల్హేర్ నుంచి వచ్చిన పెద్దాయన కులం సర్టిఫికెట్ దరఖాస్తు టైపు చేయమంటే, జాబితా చూపించి “ఏంట్ల చెయ్యమంటవ్ పెద్దయ్యా, మస్తు రకాలున్నయ్” అన్నాను. ఆయన తెర వైపు చూడనైనా లేదు. “ఏంట్లనన్న చెయ్ బిడ్డా, బస్సు పోతది” అన్నాడు. అదే వారం నాకు నాలుగో లినక్స్ సీడీ దొరికింది. జాగా లేదు. పక్కన చూస్తే భాయ్‌ది ఇరవై ఏడు జీబీల పడావు భూమి.

మా నాయిన గురించి ఇక్కడే చెప్పాలి. ఆయన భూమి కొలిచే సర్వేయర్ వెంట గొలుసు మోసే మనిషి. ముప్పై ఏళ్ళు కర్ణాటక సరిహద్దున నాగల్‌గిద్ద దాకా కంది చేన్లలో, జొన్న చేన్లలో గొలుసు ఈడ్చాడు. రెండు భాషల్లో తిట్లు తిన్నాడు. (కన్నడం తిట్లు కొంచెం మెత్తగా ఉంటాయని ఆయన అభిప్రాయం.) రోజూ అన్నం దగ్గర ఇంట్లో వినపడేది ఏదో ఒక గెట్టు పంచాయితీ, అంటే పొలం హద్దు తగాదా. ఎవడు ఎవడి ఒడ్డు చెక్కాడు, ఎవడు రాయి పీకి మూరెడు అవతల పాతాడు. గెట్టు జరిపేవాడు ఎప్పుడూ ఒక్కటే మాట అంటాడట, “ఖాళీగనే ఉండె గద.” నేను పప్పు కలుపుకుంటూ, ఛీ ఎంత నీచులు అనుకునేవాణ్ణి.

శుక్రవారం వచ్చింది. పన్నెండున్నరకు భాయ్ జుమ్మా నమాజు కోసం లేచాడు. “పటేల్, నేనొచ్చేదాంక దుకాణం చూస్కో” అన్నాడు. (నాకు సెంటు భూమి లేదు. నా ముప్పై జీబీల దర్జా చూసి ఆ పేరు పెట్టాడు.) అతని అత్తరు వాసన వీధి మలుపు తిరిగిందో లేదో నేను సీడీ పెట్టాను. పద్ధతి ప్రకారం అయితే ముందు లోపలి సరుకును ఒక పక్కకు సర్దించాలి, తర్వాత హద్దు జరపాలి. రంగురంగుల పట్టీ చూపిస్తూ, నెమ్మదిగా, గంటల తరబడి ఆ పని చేసే పనిముట్టు ఆ సీడీలోనే ఉంది. కానీ దానికి ఓపిక కావాలి. నాకు నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొట్టడం అంటే మోజు. భాయ్ హద్దును చెరిపేశాను. ఇరవై జీబీలకు కొత్త హద్దు గీశాను. లోపలి సరుకుకు గోడ జరిగిన సంగతి చెప్పనే లేదు. పాత అంకెలు కాగితం మీద రాసుకోలేదు. అంత చిన్న విషయం గుర్తుండదా అనుకున్నాను, గుర్తున్న అంకె కొట్టాను. అది తప్పు అంకె. మిగిలిన పది జీబీల్లో నాలుగో లినక్స్ ఎక్కించడానికి సిద్ధపడ్డాను. “ఇక్కడ ఉన్నదంతా తుడిచేయమంటారా?” అని మిషన్ మర్యాదగా అడిగింది. నేను వేలు ఎత్తాను. ఫ్యాను ఆగింది.

కోత వేళలు ఆ రోజు నుంచే మారాయట. పొద్దున ఎనిమిదికి పోయేది, ఇకపై పగలు ఒంటి గంట నుంచి మూడు దాకా. యూపీఎస్ ఉంది. కరెంటు పోగానే కీచుమని ఒక్కసారి అరిచి మనకంటే ముందే పోవడం దాని అలవాటు. నేను కరెంటును తిట్టుకుంటూ ఎత్తిన వేలు దించాను. (ఆ రోజు కరెంటు ఇంకొక్క నిమిషం ఉండి ఉంటే ఈ కథ చెప్పే ముఖం నాకు ఉండేది కాదు.)

మూడింటికి ఫ్యాను తిరిగింది. భాయ్ అప్పటికే వచ్చి, ఖర్జూరాలు నా చేతిలో పెట్టి, తన గీత మీద నొక్కాడు. తెల్ల అక్షరాలు రెండు వరుసలు వచ్చాయి. అంతే. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ రెండు వరుసలు.

“క్యా హువా రే? నాది తెరుస్తలేదేంది?”

నా నోట్లో ఖర్జూరం ఉంది. మింగాను, గింజతో సహా. “కరెంట్ భాయ్. గట్ల ఒక్కసారి పోతే గిట్లనే అయితది.”

భాయ్ నన్ను నమ్మాడు. అదే నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. ముఖం పాలిపోయింది, రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు, “అబ్బాకేం చెప్పాలెరా” అన్నాడు. ఆ పైన కోపం వచ్చింది. నన్ను వెంటేసుకుని సబ్‌స్టేషన్‌కు వెళ్ళి అక్కడ గేటు దగ్గర బీడీ కాలుస్తున్న లైన్‌మన్ మీద పడ్డాడు. “ఎనిమిది నెలల పని! మా అబ్బా షాయిరీ మొత్తం ఖతం! గిట్ల చెప్పక చెయ్యక తీస్తరా?”

లైన్‌మన్ పాపం నెమ్మదస్తుడు. బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. “అన్నా, నేను ఆపితే ఊరంత ఆగుతది. నీ షాయిరీ ఒక్కటే ఎట్ల పోతది? నీ పక్కన గీ పటేల్‌ది పోలేదా?” అన్నాడు.

భాయ్ నా వైపు తిరిగి, “హౌ రే, నీది మంచిగనే ఉంది గద?” అన్నాడు. నేను ఆకాశంలో తీగల వైపు చూస్తూ, “నసీబ్ భాయ్” అన్నాను. అబద్ధానికి ఉర్దూ వాడితే కొంచెం గౌరవంగా ఉంటుందని ఆ వేళ నాకు ఎందుకు తోచిందో!

సాయంత్రం దాకా గుర్తున్న అంకెలన్నీ కొట్టి చూశాను. ఒక్కటీ పొసగలేదు. ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చున్నాను. నాయిన నన్ను చూశాడు, కంచాన్ని చూశాడు.

“ఏందిరా, ముద్ద పిసుకుతున్నవ్, తింటలేవు. ఏమయ్యింది?”

“మిషన్ ఖరాబ్ అయ్యింది నాయినా. భాయ్‌ది.”

“ఇద్దరిదొకటే మిషన్ గద. ఆయనదే ఎట్ల ఖరాబైతది?” లైన్‌మన్, నాయిన ఇద్దరూ ఒకే బడిలో చదివినట్టున్నారు. నేను పాలు, హద్దులు, గోడలు అని మెల్లగా చెప్పుకొచ్చాను. అసలు సంగతి మాత్రం దాటేశాను. నాయిన చెయ్యి కడుక్కోకుండా విన్నాడు.

“అంటే నీదీ ఆయనదీ పక్కపక్క పట్టా. నడుమ గెట్టు. గెట్టు జరిగిందంటున్నవ్. గెట్టుకు కాళ్ళున్నయా?”

“కరెంటు...”

“బోరంచ పోచమ్మ మీద ఒట్టేసి చెప్పు.”

నేను పోచమ్మ మీద ఒట్టు వేయలేకపోయాను. కక్కేశాను. జుమ్మా వేళ, నల్ల తెర, పది జీబీలు, అన్నీ. చివర్న అలవాటుగా నోటి నుంచి వచ్చేసింది, “ఖాళీగనే ఉండె గద నాయినా.”

నాయిన కంచం పక్కకు జరిపాడు. “ముప్పై ఏండ్లు ఊరోళ్ళ గెట్లు సక్కబెట్టిన. ఇంట్లనే ఒకన్ని సాదుతున్న,” అన్నాడు. అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళింది. నాకు మాత్రం ఆ మాటతో కడుపు నిండింది.

శనివారం పొద్దున పదింటికి నాయిన కొలతకు వెళ్ళినట్టే తయారై, తలకు తువ్వాల చుట్టుకుని మడిగెకు వచ్చాడు. భాయ్‌ని మిషన్‌కు ఒక పక్క, నన్ను ఒక పక్క నిలబెట్టాడు. “ఇద్దరు పట్టాదార్లు లేకుండ రాయి ముట్టద్దు. అది కాయిద. ఇగ చెప్పు నువ్వు” అన్నాడు నాతో. చెప్పాను. నేల వైపు చూస్తూ, “నసీబ్” అన్న అబద్ధం దాకా.

భాయ్ కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. “కాకా, నేను గా లైన్‌మన్‌ను ఎన్ని తిట్లు తిట్టిన...” అని స్టూలు మీద కూలబడ్డాడు. తర్వాత నా వైపు చూసి, “అరే, అడిగితే ఇచ్చేటోన్ని గదరా! మొత్తం ఇచ్చేటోన్ని. నాకు మూడు చాలు!” అన్నాడు. సరిగ్గా అప్పుడే గొడుగు మడుస్తూ మాస్టర్ సాబ్ లోపలికి వచ్చాడు. సోమవారం కంటే ముందు ఒకసారి అంతా చూసుకోవాలని ముచ్చటపడి వచ్చిన మనిషి. నాయిన లేచి సలాం చేసి, “సాబ్, మావోడు మీ గెట్టు జరిపిండు, మీ షాయిరీ దొరుకుతలేదు” అని మూడు ముక్కల్లో చెప్పేశాడు.

మాస్టర్ సాబ్ గొడుగు మూలకు ఆనించాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. “తీసివేతల్ల పక్క అంకె దగ్గర అప్పు తెచ్చినప్పుడు, పక్క అంకె ఒకటి తగ్గిందని రాసి పెట్టుకో అని చెప్పలే?” అన్నాడు. “మూడో తరగతిలనే చెప్పిన. అప్పుడూ రాయలే వీడు.” అన్నాడే గానీ, తుడిచిన కళ్ళజోడునే మళ్ళీ తుడిచాడు. నేను చూశాను.

“పాత కొలతలు రాసిపెట్టినవా?” నాయిన అడిగాడు. లేదన్నాను. “రాయి పీకినవ్, నక్ష లేదు. మరి కింద బొగ్గు చూసినవా?”

“ఏం బొగ్గు?”

“హద్దురాయి పాతేటప్పుడు కింద గుప్పెడు బొగ్గులేస్తమురా. రాయిని ఎవడన్న పీకొచ్చు. బొగ్గు కుళ్ళది, చెద తినది. జానెడు తవ్వితే సాక్షం చెప్తది. గీ డబ్బా చేసినోళ్ళకు గంత తెలివుండదా?”

 ఉంది! లినక్స్ భాగం తన హద్దుల వివరాలను మొదట్లో ఒక్కచోటే రాసుకోదు, మధ్యమధ్యలో నకళ్ళు దాచుకుంటుంది. ఆ సంగతి నేను చదివాను కూడా. డిస్కును మొదటి నుంచి చివరి దాకా తవ్వి ఆ ఆనవాళ్ళు వెతికే పనిముట్టు నా జేబులో ఉన్న సీడీలోనే ఉంది. కవితల మీద కొత్తగా ఏమీ రాయలేదు, తుడవమని చెప్పే లోపలే కరెంటు పోయింది. “బొగ్గులున్నయ్ నాయినా!” అని అరిచాను. పక్క సైకిల్ దుకాణం వాడు తొంగిచూసి, ఇస్త్రీ పెట్టెకనుకుని, “ఎన్ని కిలోలు?” అన్నాడు.

తవ్వడం మొదలుపెట్టేసరికి పదకొండు. ఒంటి గంటకు కరెంటు పోతుంది. తెర మీద అంకె కందిచేనులో ఎద్దులా నడిచింది. ఇరవై శాతం. నలభై. నాయిన, మాస్టర్ సాబ్ చాయ్ తాగుతూ, ఎవరి గెట్టు ఎవరు తిన్నారో పాత పంచాయితీలన్నీ తిరగేశారు. ప్రతి కథ చివరా ఇద్దరూ ఒకేసారి నా వైపు చూసేవారు. భాయ్ గోడ గడియారాన్నీ తెరనూ మార్చి మార్చి చూస్తూ ఏదో గొణుక్కుంటున్నాడు, ప్రార్థనో తిట్లో అడిగే ధైర్యం నాకు లేదు. పన్నెండూ యాభైకి తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి వచ్చింది. ముప్పై జీబీలు. మొదలు ఇక్కడ, చివర ఇక్కడ. నేను గుర్తుందనుకున్న అంకెకు ఇది చాలా దూరం.

“ఇద్దరూ ఒప్పుకుంటున్నరా?” అన్నాడు నాయిన. పట్టాదార్లం ఇద్దరం తలూపాం. అప్పుడు గానీ నన్ను మీట నొక్కనివ్వలేదు. ఈసారి ముందే అంకెలు కాగితం మీద రాయించాడు.

మిషన్ మళ్ళీ లేచింది. భాయ్ తన గీత మీద నొక్కాడు. అతని ఇల్లు తెరుచుకుంది. గోడ మీద మసీదు బొమ్మతో సహా. మొదటి కవిత తెర మీదికి వచ్చింది. మాస్టర్ సాబ్ ముందుకు వంగి చూశాడు, మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఆయన మొట్టమొదట అన్న మాట, “గిక్కడ అక్షరానికి నుక్తా చుక్క పెట్టలే. ఎనిమిది నెలలు ఏం చేసినవ్‌రా?” అని. తిట్టు భాయ్‌కి తగిలింది, హాయి నాకు కలిగింది. ఆ తర్వాత ఆయన గొంతు సవరించుకుని, చెయ్యెత్తి చదవడం మొదలుపెట్టాడు. మొదటి పాదం అయింది. “వాహ్” అన్నాం. రెండో పాదం కోసం నోరు తెరిచాడు. ఫ్యాను ఆగింది.

ఆయన ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, నల్లబడిన తెరను చూశాడు, పైకప్పును చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. రాలేదు. “మిషన్‌ల ఉంది” అన్నాడు సిగ్గుపడుతున్నట్టు. ఎనిమిది నెలల కిందట అతి కష్టం మీద గుర్తు తెచ్చుకున్న పాదం అది. మళ్ళీ జారిపోయింది. ఆ మడిగెలో ఉక్కపోతలో కూర్చుని ఒక్క పాదం కోసం నలుగురం మూడింటి దాకా కాచుకున్నాం. నేను తీసుకుపోబోయింది ఎంతో ఆ రెండు గంటల్లో నాకు తెలిసింది. జీబీల్లో కాదు.

మూడింటికి పాదం వచ్చింది. సీడీలు మూడు చేయించాడు నాయిన, ఒకటి అచ్చుకు, ఒకటి వాళ్ళింటికి, ఒకటి మా ఇంటికి. సోమవారం బస్సెక్కే ముందు భాయ్ నన్ను సబ్‌స్టేషన్‌కు పంపాడు. లైన్‌మన్‌కు సంగతి చెప్పి తలొంచుకున్నాను. ఆయన నవ్వి, “అంటే మేం తీసిందే మంచిగయింది” అన్నాడు. ఆ రోజు నుంచి ఎక్కడ కనిపించినా “పటేల్, తియ్యాల్నా?” అని అడిగేవాడు. తర్వాత వారం భాయ్ తనంతట తనే, నాయిన ఎదుట, పద్ధతి ప్రకారం పది జీబీలు నా వైపు జరిపించాడు. అందులో నాలుగో లినక్స్ ఎక్కించాను. అది కూడా ప్రింటర్‌తో మాట్లాడలేదు.

పుస్తకం అచ్చయింది. నా దగ్గర ఒక ప్రతి ఉంది. నాకు ఉర్దూ చదవడం రాదు. చివరి కవితలో రెండు పాదాలు అబ్బా తర్వాత కలిపినవనీ, అవి నా మీదేననీ భాయ్ అంటాడు. అర్థం అడిగితే ఒక్కోసారి ఒక్కోటి చెబుతాడు. ఆ రోజు తన మనసులో నా మీద ఎంత ప్రేమ ఉంటే అంత.

ఆ మిషన్ ఇంకో ఐదారేళ్ళు నడిచి చచ్చిపోయింది. పాత ఇనుప సామానుకు వేసే ముందు, డిస్కు తీసి దాచుకుందామని డబ్బా విప్పాను. దుమ్ము, ఒక బల్లి గుడ్డు, వాటి వెనక డిస్కు కింద దారంతో కట్టిన చిన్న కాగితం పొట్లం. విప్పితే బొగ్గు ముక్క. కాగితం మీద నాయిన గుండ్రటి రాతలో రెండు అంకెలు, మొదలూ చివరా. ఎప్పుడు పెట్టాడో, స్క్రూలు ఎవరితో విప్పించాడో తెలియదు. ఆ పూట నేను పగలబడి నవ్వి, ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పి మళ్ళీ నవ్వాను. నాయిన మాత్రం పేపర్ లోంచి తల ఎత్తకుండా, “నీ మీద నమ్మకం ఉండే. అయినా ఒక ముక్క ఏసిన” అన్నాడు.

ఇప్పుడు నేను వాడే లాప్‌టాప్ చాలా సన్నం, అందులో బొగ్గు పట్టదు. నాయిన వేసిన ఆ ముక్కను దాని సంచీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. చేతులు నల్లబడతాయని ఇంట్లో గొడవ. పడనివ్వండి.